నానమ్మ ఓటుకు తోడు

పదహారేళ్లవాళ్లకు ఓటు ఇవ్వాలా, వద్దా అని ప్రభుత్వం జనాన్నే ఓటేసి తేల్చమన్న దగ్గర్నుంచి పరుపులు కుట్టే ఆ ఇంట్లో కోడలికి కంటి మీద కునుకు లేదు.

ఆవిడ భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. కూతురు తుమ్మితే నిమోనియా. బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఏ బస్సు కిందో పడినట్టే. ఫోను ఎత్తకపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడు ఆ కూతురికే పదహారు నిండాయి.

“ఓటొస్తే ఏమవుతుందే అమ్మా?” అంది చిట్టి, దూది విడదీస్తూ.

“ఏమవుతుందా? ముందు ఇంటికొచ్చి చెల్లీ, తల్లీ అంటారు. తర్వాత జెండా పట్టుకోమంటారు. పట్టుకున్నావా, ఊరేగింపులో ముందు వరసలో నిలబెడతారు. రాళ్లు పడేది ముందు వరసకే కదా!”

“అబ్బ! ఓటడిగితే తల పగలగొట్టి ఆసుపత్రిలో చేర్పించేశావు.”

పరుపుకు అవతలి పక్కనున్న నానమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడకు చూపు పోయి చాలా కాలమైంది గాని, పని మానలేదు. నిలబెట్టిన పరుపులోకి ఇటు నుంచి కోడలు పొడుగు సూది దింపితే, అటువైపు ఆవిడ మొన అందుకుని, దారం బిగించి, మళ్లీ ఇటు పంపేది. మొన ఎక్కడ తేలుతుందో కోడలు ముందే చెప్పాలి. “జానెడు పైన అత్తయ్యా” అంటే, ముసలి వేలు జానెడు పైకి వెళ్లి అక్కడ కాచుకుని ఉండేది. కోడలు తప్పు చెబితే గుచ్చుకునేది ఆ వేలికే.

“నేను మాత్రం ఇవ్వాలనే వేస్తాను,” అంది నానమ్మ. “ఇది పేపరు చదివి వినిపించబట్టే నాకు లోకం సంగతి తెలుస్తోంది. నువ్వు చదివితే యాక్సిడెంట్లు తప్ప ఇంకేం ఉండవాయె.”

“బెత్తెడు కింద అత్తయ్యా” అని కోడలు సూది దింపింది. తను వేసేది ‘వద్దు’కే. అది బయటికి అనలేదు.

ఓటు రోజున నానమ్మను చిట్టే నడిపించుకుని వెళ్లింది. తల్లి వెనకాలే చెప్పులు టపటపలాడిస్తూ, “మెల్లిగా, గుమ్మం ఉంది, మెల్లిగా” అంటూనే ఉంది. వాళ్లు అప్పటికే గుమ్మం దాటేశారు.

బల్ల దగ్గర కళ్లజోడు అధికారి పెన్ను ఎత్తి ఆపాడు. “చూపు లేనివాళ్లకు తోడు వెళ్లచ్చు. కానీ ఆ తోడుకి కూడా ఓటుండాలి. నీకెన్నేళ్లమ్మా?”

“పదహారు.”

“అయితే కుదరదు.”

“ఆ సంగతేగా సార్ ఇవాళ అడుగుతున్నారు!”

వరసలో ఎవరో నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది గాని తల మాత్రం అడ్డంగానే ఊపాడు.

చిట్టి నానమ్మ మోచెయ్యి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. “అమ్మా, నానమ్మది ‘ఇవ్వాలి’.”

“తెలుసులేవే. నేనేమైనా దొంగనా?” అని కసిరింది తల్లి. ఆ మాట అనేదాకా తనకు అలాంటి ఆలోచన ఉందనే తెలియదు.

అట్టతో కట్టిన మరుగులో ఇద్దరూ నిలబడ్డారు. కాగితం మీద రెండే గళ్లు. పైన ‘ఇవ్వాలి’, కింద ‘వద్దు’.

“ఏది ఎక్కడుందో చెప్పు,” అంది అత్తగారు గుసగుసగా. “పెన్ను నేనే పట్టుకుంటా.”

కోడలికి ఊరేగింపు కనిపించింది. ముందు వరసలో చిట్టి, నుదుటి మీద నెత్తురు. ఒక్క ఓటుతో ఆగుతుందో లేదో తెలియదు. ఆగితే? అడిగేవాళ్లెవరు? తన కడుపున పుట్టిన పిల్ల కోసమే కదా!

“కింద,” అంది. “మీరు వేయాల్సింది కింద ఉంది అత్తయ్యా.”

వెంటనే ముసలి వేలు కాగితం మీద జారి, కింది గడిలో ఆగింది. మారు ప్రశ్న లేదు. పరుపు వెనక ఎలా కాచుకుంటుందో, అలాగే అక్కడ కాచుకుంది. ఎడమ వేలి ఆనవాలు పట్టుకుని కుడిచేతిలోని పెన్ను వచ్చింది.

“అత్తయ్యా, ఆగండి!” గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది కోడలు. “కాదు. పైన. పై గడి.”

అత్తగారు పెన్ను పైకెత్తి పట్టుకుంది. “నువ్వు దేనికి వేస్తున్నావు?”

“వద్దుకి.”

“భయమా?”

“ఆఁ.”

“అయితే నీ భయం నీ కాగితం మీద వేసుకో తల్లీ. నా వేలు పైకి జరుపు.”

జరిపింది. ముసలావిడ గట్టిగా గీసింది.

తన కాగితం ముందు కోడలు చాలాసేపు నిలబడింది. అత్తగారి మీద జాలితోనో, సిగ్గుతోనో పై గడిలో వేసేద్దామనుకుంది. కానీ భయం నిజంగానే ఉంది, ఇంకా అక్కడే ఉంది. ‘వద్దు’కే వేసింది.

బయట చిట్టి పరుగెత్తుకొచ్చింది. “వేశారా?”

“నానమ్మది ‘ఇవ్వాలి’. నాది ‘వద్దు’.”

పిల్ల మొహం చిన్నబోయింది. నానమ్మ చెయ్యి పట్టుకుని విసవిసా నడిచింది. వీధి చివర ఆగి వెనక్కి తిరిగింది.

“నాకు ‘ఇవ్వాలి’ అని చెప్పేయచ్చుగా! నమ్మేదాన్ని.”

“నమ్ముతావనే చెప్పలేదే.”

చిట్టి కళ్లు తుడుచుకుంది. “రాళ్లు అందరికీ తగలవమ్మా.”

“తగిలినవాళ్ల అమ్మలు కూడా అలాగే అనుకుని ఉంటారు.”

“అయితే నిన్ను ఒప్పించేదాకా ఊరుకోను. ఇంటికెళ్లేలోపు మొదలుపెడుతున్నా.”

“పెట్టు. ముందు బండ్లు చూసి రోడ్డు దాటు.”

“ఇదొకటి!” అంది చిట్టి. అన్నా, రెండువైపులా చూసే దాటింది.