అప్ యారో, ఎంటర్

నేను ఒక కీబోర్డును. నల్లని ఒళ్లు, తెల్లని అక్షరాలు, వెనకాల తోకలాంటి వైరు. నాలాంటివి లక్షల్లో ఉన్నాయి కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోశారు, మీటల కింద రబ్బరు బుడిపెలు పెట్టారు, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఓడెక్కించారు. పెట్టె తెరిచేసరికి రాజమండ్రిలో ఉన్నాను.

మనుషులు ఎదుటివాళ్ల మొహం చూసి మంచీ చెడూ అంచనా వేస్తారు. నేను వేళ్లను బట్టి వేస్తాను. మొహాలు నవ్వుతూనే అబద్ధం చెప్పగలవు, వేళ్లకు ఆ విద్య ఇంకా పట్టుబడలేదు.

నన్ను కొన్నది భుజంగరావు మాస్టారు. దానవాయిపేటలో ఒక మేడమీద ఆయనకు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఊళ్లో మిగతావాళ్లు మౌసుతో బొమ్మలు నొక్కడం నేర్పుతుంటే ఈయన మాత్రం లినక్సే నేర్పుతానని, అదీ టెర్మినల్లోనే నేర్పుతానని పట్టుబట్టి కూర్చున్నారు. టెర్మినల్ అంటే బొమ్మలు లేని నల్లటి తెర. ఏం కావాలన్నా దానికి కమాండ్ రాసి ఎంటర్ కొట్టాలి. మంచి చెబితే మంచి చేస్తుంది, చెడు చెబితే చెడు చేస్తుంది, నిజంగా చేయమంటావా అని అడగదు. ఈ సంగతి మాస్టారు ప్రతి బ్యాచికీ మొదటిరోజే చెప్పేవారు.

ఆయన రెండు చూపుడువేళ్లతోనే నా మీద నాట్లు వేసేవారు. ఫైలు పేరు ఎంత పొడుగున్నా మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా కొట్టాల్సిందే. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరును కంప్యూటరే పూర్తి చేస్తుందని ఆయనకు తెలుసు. తెలిసీ నొక్కేవారు కాదు.

"ట్యాబ్ నొక్కినోడికి పేరు గుర్తుండదర్రా. పేరే గుర్తులేనోడు పనేం చేస్తాడు?" అనేవారు పిల్లలతో.

అంత మాటా అని, మరుక్షణమే ఒక అక్షరం తప్పుకొట్టి, బ్యాక్‌స్పేస్ మీద టకటకలాడుతూ వెనక్కి వచ్చేవారు. దాంతో నా బ్యాక్‌స్పేస్ మీది రాత మొదటి ఏడాదే చెరిగిపోయింది. ట్యాబ్ మాత్రం అటకమీది పెళ్లిసామానులా తళతళలాడుతూ ఉండేది.

ఆ మేడమెట్లు ఎక్కి ఒకరోజు హైమవతి వచ్చింది. చేతికర్ర తలుపుకు ఆనించి, తనకు పుట్టుకతోనే చూపు లేదని, డిగ్రీ అయిందని, కంప్యూటర్ నేర్పాలని నిదానంగా చెప్పింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. కుర్చీ జరిపారు, మళ్లీ యథాస్థానంలో పెట్టారు.

"నేర్పకూడదని కాదమ్మా. కనపడకుండా ఎలాగా అని."

"టెర్మినల్లో కనపడ్డానికి ఏముందండి మాస్టారూ? అన్నీ అక్షరాలే కదండీ. అవి వినపడితే చాలండి."

తెరమీది రాతను పైకి చదివే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కించి, మాస్టారు పాఠం మొదలుపెట్టారు. ప్రతి కమాండునూ అక్షరం అక్షరం పలుకుతూ, ఖాళీ ఎక్కడ రావాలో, చుక్క ఎక్కడ పడాలో చెబుతూ నేర్పారు. ఏళ్ల తరబడి అందరూ నవ్వుకున్న ఆయన చాదస్తం ఒక మనిషికి అచ్చంగా పనికొచ్చింది. ఎఫ్ మీదా జె మీదా నాకు పుట్టుకతో చిన్న గీతలున్నాయి. అవెందుకున్నాయో మాస్టారు ఏనాడూ పట్టించుకోలేదు. హైమవతి చూపుడువేళ్లు మొదటిరోజే వాటిమీద ఆగాయి. మిగతా వేళ్లన్నీ చుట్టూ సర్దుకున్నాయి. అప్పటిదాకా నన్ను పొడిచారే గాని, ఎవరూ అలా పట్టుకోలేదు. నాకు చాలా బాగుంది, దాచుకోవడమెందుకు.

ట్యాబ్ సంగతి ఆమె వారం తిరక్కుండానే కనిపెట్టింది.

"మాస్టారూ, ఈ మీట ఏం చేస్తుందండి?"

"అదా... అదొకటి ఉందిలేమ్మా" అన్నారాయన, దాచిపెట్టిన జంతికల డబ్బా బయటపడినట్టు.

కళ్లున్నవాళ్లకు షార్ట్‌కట్ అంటే కాస్త సుఖం. హైమవతికి ప్రతి అక్షరమూ చెవితో వినాలి, పొడుగు పేరంటే పొడుగు వినికిడి. ట్యాబ్‌తో ఆమెకు రోజులో ఎంత సమయం మిగిలేదో నాకు తెలుసు. ఆ తర్వాత అప్ యారో పట్టుకుంది. అది నొక్కితే కిందటిసారి కొట్టిన కమాండ్ మళ్లీ వస్తుంది, ఇంకోసారి నొక్కితే దాని ముందుది. కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కి ఒకటి రెండు అక్షరాలు కొడితే ఎప్పుడో నెల కింద రాసిన వాక్యం కూడా వెతుక్కుని వస్తుంది. కంట్రోల్‌తో ఏ నొక్కితే వాక్యం మొదటికి ఒక్క గంతు. కంట్రోల్‌తో సీ నొక్కితే జరుగుతున్న పని ఉన్నపళాన ఆగిపోతుంది. రోజూ రాసే పొడుగాటి కమాండ్లకు ఒకటి రెండక్షరాల ముద్దుపేర్లు కూడా పెట్టుకుంది. ఇవన్నీ చూసి మాస్టారు ముఖం ముడుచుకునేవారు. ఆయన దృష్టిలో అది చదువుకు మర్యాద తప్పడం.

తర్వాత్తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కు పిల్లలు రావడం మానేశారు. మేడ ఖాళీ చేసేటప్పుడు మాస్టారు నన్నూ ఒక కంప్యూటర్నూ హైమవతి పనిచేసే చోటికి ఇచ్చేశారు. చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను చదివించి రికార్డు చేసే చిన్న కేంద్రం అది. మాతోపాటు మాస్టారు కూడా వచ్చేశారు. రమ్మని ఎవరూ అనలేదు, వెళ్లమని కూడా అనలేదు. కాబట్టి గౌరవ సలహాదారు అయ్యారు.

అక్కడ చదివేవాళ్లందరిలోకీ పేరున్న గొంతు రత్నాంబ టీచరుది. అంధుల పాఠశాలలో హైమవతికి బ్రెయిలీ అక్షరాలు నేర్పింది ఆవిడే. రిటైరయ్యాక రోజూ వచ్చి గంటల తరబడి చదివేవారు. మైకులో పడిన ఆ గొంతు విని, పాఠం బోధపడని పిల్లలు కూడా ఆఖరిదాకా వినేవారట. ఆ గొంతులోనే జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. టీచరు ముహూర్తాలు చూడలేదు గాని గడువు మాత్రం అడిగారు. ఆ గడువులో ఇంటర్ చరిత్ర పుస్తకం మొత్తం చదివేశారు. ఆఖరి రోజుల్లో వాక్యానికీ వాక్యానికీ మధ్య నీళ్లు తాగే చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది.

"ఇదే ఆఖరుది హైమా. ఒక్క ముక్క పోకుండా చూసుకో."

"నా దగ్గర పోదండి టీచరుగారూ."

ఆ మాట హైమవతి ఎంత గట్టిగా అందో నాకు తెలుసు, చెయ్యి నామీదే ఉంది.

రికార్డులన్నీ ముందు ఒక పని ఫోల్డరులో పడతాయి. అక్కడినుంచి హైమవతి రెండో డిస్కులోకి కాపీ చేస్తుంది. ఈ చరిత్ర పుస్తకానికి ముందు, పాత పుస్తకం పని ముగియగానే ఆ ఫోల్డరును ఖాళీ చేసింది. తర్వాత టీచరు చదివిన మొదటి పాఠాన్ని కాపీ చేయబోతే రెండో డిస్కు మొరాయించింది. దాన్ని రిపేరుకు పంపారు. అంటే టెర్మినల్ జ్ఞాపకంలో ఆఖరున ఉన్నది కాపీ చేసే కమాండ్, దాని వెనకే ఉన్నది ఖాళీ చేసే కమాండ్. డిస్కు వచ్చేదాకా పుస్తకమంతా ఆ ఒక్క ఫోల్డరులోనే ఉంది. టీచరు కాకినాడ ఆసుపత్రిలో చేరారు.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజనాడు లారీలకు, కుట్టుమిషన్లకు జరిగే మర్యాద కంప్యూటర్లకూ జరుగుతుంది. మాస్టారు స్నానం చేసి, పళ్లెంలో గంధం, కుంకుమ పెట్టుకుని వచ్చారు. స్క్రీనుకు ఒక బొట్టు, సీపీయూకు ఒక బొట్టు చాలదా? ఆయనకు ఏదైనా పూర్తిగా జరగాలి. నా ముఖ్యమైన మీటలన్నింటికీ విడివిడిగా తడిగంధం పూసి, కుంకుమ అద్దారు. గంధం అప్ యారో అంచు నుంచి లోపలికి జారింది, కుంకుమ దాని వెంట వెళ్లింది. ఆరిన తర్వాత ఆ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పలకడం మొదలుపెట్టింది. నాకు తెలుస్తూనే ఉంది. చెప్పుకోవడానికి నాకు నోరెక్కడిది?

మర్నాడు పొద్దున్నే డిస్కు తిరిగొచ్చింది. హైమవతి దాన్ని తగిలించి, ఊపిరి పీల్చుకుని, అప్ యారో నొక్కింది. కాపీ చేసే కమాండ్ దాటిపోయి దాని వెనకది వచ్చింది. రెండింటి మొదలూ ఒకటే, ముందు ఫోల్డరులోకి వెళ్లు అని. కంప్యూటర్ గొంతు ఆ మొదలు చదువుతుండగానే ఆమె వేలు ఎంటర్ మీద పడింది. ఎన్నోసార్లు విన్న వాక్యమే కదా, మొత్తం వినడమెందుకని.

"తొలగించబడింది, పాఠం ఒకటి" అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పలికింది కంప్యూటర్.

పాత కంప్యూటర్, పెద్ద ఫైళ్లు. నింపాదిగా ఒక్కోటీ చెరుపుతోంది. ఆమె వేళ్లు ఒక్క క్షణం నామీద బిగుసుకుపోయాయి. రెండో పాఠం పేరు వినపడింది. మూడోది వినపడుతుండగా కంట్రోల్, సీ. అంత బలంగా నన్నెవరూ, మాస్టారు కూడా, నొక్కలేదు. చెరపడం ఆగింది. మిగతా పుస్తకం నిలిచింది, మొదటి మూడు పాఠాలు పోయాయి. పోయినవాటిని వెనక్కి రప్పించే ప్రోగ్రాములతో రోజంతా తంటాలు పడితే తునకలు దొరికాయి గాని వాక్యాలు దొరకలేదు.

మాస్టారు చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి అప్ యారో పీకి చూశారు. కింద ఎర్రగా గడ్డకట్టి ఉంది. గోటితో గీరారు.

"నా బొట్టేనమ్మా" అన్నారు.

"బొట్టు కాదండి. పూర్తిగా వినకుండా ఎంటర్ కొట్టింది నేనండి" అంది హైమవతి. "ఆవిడతో పోదని చెప్పాను మాస్టారూ" అని ఏడ్చింది. కన్నీళ్లు స్పేస్‌బార్ మీద పడ్డాయి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన మూడు పాఠాలూ మాస్టారు చదువుతానన్నారు. హైమవతి కాదనలేకపోయింది. ఆయన చదువు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. శీర్షిక చదివారు, శీర్షిక కింద గీత ఉందని చెప్పారు, పేజీ అడుగున సన్నక్షరాలతో ఉన్నవీ వదల్లేదు. "అవి అక్కర్లేదండి" అంటే, "పుస్తకంలో వేశాక అక్కర్లేకపోవడమేంటమ్మా" అన్నారు.

నన్ను పక్కన పెట్టి కొత్త కీబోర్డు కొన్నారు. నేను స్టోరు గదిలో, పాత క్యాసెట్ రికార్డరు పక్కన, పాతసామాన్లవాడి కోసం ఎదురుచూస్తూ పడున్నాను. నా కథ అక్కడితో అయిపోవాల్సింది.

కొన్నాళ్లకు రత్నాంబ టీచరు వచ్చారు. మాట లేదు, చేతిలో పలకా బలపం ఉన్నాయి. ఇంట్లో అందరితో పలకమీద రాసే మాట్లాడుతున్నారట. అలవాటు చొప్పున రాసి హైమవతి ముందు పట్టుకున్నాక గాని ఆవిడకు తట్టలేదు. ఒకరికి మాట లేదు, ఒకరికి చూపు లేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఇదంతా మాస్టారు స్టోరు గదిలోకి వచ్చి, దుమ్ము దులుపుతూ, నాకే చెబుతున్నట్టు గొణిగిన సంగతి. ఆయన్ను నాకోసం పంపింది హైమవతి.

టీచరు ముందు కంప్యూటర్ పెట్టి నన్ను తగిలించారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే కంప్యూటర్ తెలుగులో పలుకుతుంది. ఆ పనికి నా అప్ యారోతో అవసరం లేదు. హైమవతి ముందుగా జరిగినదంతా చెప్పేసింది, మూడు పాఠాలు పోయాయని, మాట నిలబెట్టుకోలేకపోయానని. టీచరు వేలు నామీద వెతుక్కుంటూ ఒక్కో అక్షరం నొక్కింది. కంప్యూటర్ మొద్దు గొంతుతో పలికింది.

"పుస్తకం విన్నాను. మాస్టారు కామాలు కూడా చదివారు."

హైమవతి ముందు ఏడ్చి తర్వాత నవ్వింది. మాస్టారు, "మరి ఉన్నాయి కదండీ" అన్నారు.

ఇప్పుడు టీచరు రోజూ వస్తారు, పిల్లలకు పాఠం చెబుతారు. ఆవిడ వేళ్లు నొప్పెట్టకుండా హైమవతి షార్ట్‌కట్లు తయారుచేసింది. కే కొట్టి ఎంటర్ నొక్కితే "కాఫీ తాగారా?" అని పలుకుతుంది. ఎం కొడితే "మాస్టారూ, కాస్త ఆగండి" అంటుంది. దీన్ని టీచరు బాగా వాడతారు. హెచ్ కొడితే "హైమా, ఇలా రా" అంటుంది.

ఆ ఒక్కటీ టీచరు వాడరు. హైమా అన్న పేరును మాస్టారిలాగే మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా, ఒక్కటీ వదలకుండా కొడతారు. నా మీటల చప్పుడు హైమవతికి కొట్టినపిండి. మొదటి అక్షరం పడగానే పక్కగదిలో ఆమె కుర్చీ జరిగిన చప్పుడు వినపడుతుంది. మిగతా అక్షరాలు పూర్తయ్యేలోపే వచ్చి టీచరు పక్కన నిలబడుతుంది. అయినా టీచరు కొట్టడం ఆపరు. ఆమె కూడా పేరు పూర్తయ్యేదాకా మాట్లాడదు.