గీత దాటితే కేసు ఉండదట

జయ పుంటికూర తుంచుతోంది. మహారాష్ట్ర బొగ్గుగనుల పక్కనున్న లాల్‌పేట్‌లో ఏ ఆకుకూరైనా బొగ్గు నుసి వదిలేదాకా కడిగితే గాని ఆకుపచ్చగా కనబడదు. నిన్న సాయంత్రం వ్యాన్‌తో సైకిల్ మీద పోయే మనిషిని గుద్ది, ఆగకుండా ఇంటికొచ్చిన మొగుడు సుదర్శన్ గోడకానుకుని కూర్చున్నాడు. అతని పక్కన, ఎవరూ పిలవకముందే వకీలైపోయిన అన్న సదానందం.

సదానందం బడి సగంలో మానేసినా చట్టం మాత్రం పూర్తిగా చదివాడు, ఫోన్‌లో.

"గుద్ది ఉరికితే పదేండ్ల జైలని కొత్తగ రాసిండ్రు. డ్రైవర్లు సమ్మె చేస్తె గది ఆపిండ్రు. అంటే ఏంది? ఉరుకుడు మాఫీ!"

దేశంలోని డ్రైవర్లంతా తన తమ్ముడి కోసమే సమ్మె చేసినట్టు మీసం దువ్వాడు.

"దెబ్బ తగిలినోన్ని దవాఖానకు తీసుకపోవాలె, ఠాణాల చెప్పాలె అని లైసెన్సప్పుడు చెప్పిండ్రన్నా," సుదర్శన్ గొణిగాడు.

"చెప్పుడు వాళ్ల నౌకరీ. నువ్వు లక్కడ్‌కోట్ దాటు. అవతల తెలంగాణ. మహారాష్ట్ర కేసు గీత దాటదు."

ఇది ఖాందానీ సిద్ధాంతం. అత్త నర్సక్క పుట్టింటివాళ్లకు ఇటొక రేషన్ కార్డు, అటొక రేషన్ కార్డు. బియ్యం రెండు దిక్కులా దొరికినప్పుడు చట్టం ఒక దిక్కే ఉంటుందనుకోవడం సహజమే.

"అవు బిడ్డా, మామ ఇంట్ల ఉండు," అంటూ నర్సక్క డబ్బాలో సకినాలు సర్దుతోంది. ముద్దాయికి తోవలో ఆకలవుతుంది గదా.

"పోయినేడు మేకల దొంగ గూడ గా గీతనే దాటిండు బావా," అంది జయ. "పోలీసులు చాయ్‌కి గూడ ఆగకుండ జీపుల ఏసుకొచ్చిండ్రు."

"మేకలు వేరు, మనుషులు వేరు!"

"నిజమే. మేకలెట్లున్నయో అప్పుడు అందరడిగిండ్రు."

సుదర్శన్ తల దించుకున్నాడు.

"అద్దంల చూసిన జయా. కిందపడ్డంక చెయ్యి లేపిండు."

"ఇంకేంది, బాగనే ఉన్నడు!" సదానందం తేలికపడ్డాడు. "టాటా చెప్పిండనుకో."

నర్సక్క చేతిలో డబ్బా మూత ఆగిపోయింది.

"ఠాణాకు పోదాం నడువు. నేను గూడ వస్త," అంది జయ.

సుదర్శన్ అన్న దిక్కు చూశాడు. అన్న చట్టంలో ఇంకో సెక్షన్ దొరుకుతుందేమోనని ఫోన్ దిక్కు చూశాడు. జయ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, గూట్లోంచి వ్యాన్ తాళంచెవి తీసుకుంది.

"యాడికే?" అంది అత్త.

జయ తాళంచెవి కొంగున ముడేసుకుని, చెప్పులేసుకుని, నడుచుకుంటూ ఠాణా తోవ పట్టింది.