ముద్ర ఉన్న చరణం

ఎర్రదీపం వెలిగేలోపు గాయని తేల్చుకోవాలి. ఆఖరి చరణం వదిలెయ్యడమా, ఈ రేడియో స్టేషన్‌నే వదులుకోవడమా.

"ఆ చరణం లేదమ్మా, కొట్టేశాను," అన్నాడు మ్యూజిక్ డైరెక్టర్, పాట కాగితం మీద అడ్డంగా గీసిన గీత చూపిస్తూ.

"ముద్ర అందులోనే ఉంది సార్."

"అందుకే లేదు."

దాచుకోవడం కూడా లేదు. కన్నడ దాసుల పదాల్లో ఆఖరి చరణంలో కవి ముద్ర పడుతుంది. తాను కొలిచిన స్వామి పేరే కవి సంతకం. అది ఎగిరిపోతే పాట అనాథ. ఆ అనాథకు తండ్రిని నేనేనని ఈయన ఇవాళ లైవ్‌లో చెప్పుకోబోతున్నాడు. రచన, సంగీతం తనవేనని కాగితం రాసి అనౌన్సరు చేతిలో పెట్టాడు.

పాట కట్టింది ఏనాడో తిరగలి విసురుకుని బతికిన ఒక దాసమ్మ. అచ్చులో లేదు. నోటి నుంచి నోటికి దిగి గాయని పెద్దమ్మ దగ్గర ఆగింది. గొంతు ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మకు గుసగుసే మిగిలింది. ఇప్పుడు ఇంట్లో రేడియోకి చెవి ఆనించి కూర్చుని ఉంటుంది.

"మా పెద్దమ్మ వింటోంది సార్."

"సాకులు చెప్పకు."

"ఇంతకీ ఈ పల్లవిలో 'సాకు' అంటే ఏంటి సార్?"

"ఎందుకు తెలీదు? నన్ను సాకవయ్యా, పెంచవయ్యా అని దేవుణ్ణి..."

"కన్నడంలో 'చాలు' అని సార్. ఈ బతుకు ఇక చాలు అంటోంది."

మృదంగం ముందు కూర్చున్న డైరెక్టర్ బావమరిది పగలబడి నవ్వాడు. "బావా! నువ్వు రాసిన మాటకి నీకే అర్థం తెలీదా?"

"నోర్మూసుకుని రెండో చరణం కాగానే ముక్తాయింపు వాయించెయ్. ఆవిడ మూడోది ఎత్తడానికి వీల్లేదు." డైరెక్టర్ విసురుగా అద్దం అవతలికి వెళ్ళిపోయాడు.

ఎర్రదీపం వెలిగింది.

గాయని పల్లవి ఎత్తలేదు. తంబూరా శ్రుతిలోంచి మెల్లగా ఉగాభోగ అందుకుంది. పదానికి ముందు తాళం లేకుండా పాడే చిన్న రచన అది. రివాజే కాబట్టి డైరెక్టర్ తలూపాడు. తాళం లేదు కాబట్టి మృదంగానికి పని లేదు. బావమరిది చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆమె పాడుతున్నది కొట్టేసిన చరణాన్నే.

రాగం మార్చింది, మాటలు విడదీసి సాగదీసింది. కన్నడం రాని డైరెక్టర్ వరసను బట్టే ఏ చరణమో గుర్తుపడతాడు. వరస మారేసరికి పోల్చుకోలేకపోయాడు. కళ్ళు మూసుకుని ఆనందిస్తున్నాడు కూడా.

ముద్ర వచ్చింది. గాయని దాన్ని పై స్థాయికి తీసుకెళ్ళి నిలబెట్టింది.

డైరెక్టర్ కళ్ళు తెరుచుకున్నాయి. చెయ్యి మీటల మీదికి దూకింది.

"ఆపితే గాలిలోకి నిశ్శబ్దం వెళ్తుంది సార్," ఆపరేటర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "మీ ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది."

ఈలోగా ఆమె ముద్రను ఇంకోసారి పాడి, నింపాదిగా పల్లవిలోకి దిగింది. రెండో చరణం కాగానే బావమరిది ముక్తాయింపు వాయించేశాడు. చెప్పిన పని చెప్పినట్టే చేశాడు పాపం.

అనౌన్సరు తన చేతిలో కాగితం చూసుకుంది. ముద్ర విన్న శ్రోతలకు ఇది చదివి వినిపిస్తే తిట్లు తినేది తనే. కాగితం బోర్లించి మైకు దగ్గరికి లాక్కుంది.

"ఈ పదం ఎవరిదమ్మా?"

"పూర్వం ఒక దాసమ్మది. పేరు తెలీదు, ముద్ర తెలుసు. మా పెద్దమ్మ నేర్పింది."

దీపం ఆరింది. డైరెక్టర్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "ఇంకోసారి ఈ గడప తొక్కావంటే చూడు!"

"సరే సార్," అంది గాయని, తంబూరా భుజానికెత్తుకుంటూ. "ఆ తలుపు కాస్త పట్టుకోండి, దీని బుర్ర తగులుతుంది."