చీర కట్టిన బొమ్మ

కొత్త కారుకు పూజ చేస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. ఈసారి అవి దండగ అన్నాడు సురేంద్రనాథ్. ఎదురుగా మనిషి వస్తే బ్రేకు తనే వేసుకునే కారుకి నిమ్మకాయలతో ఏం పని అని అతని వాదన. భార్య రజనీకుమారి ఒక చూపు చూసింది. నిమ్మకాయలు పెట్టాడు, తొక్కించాడు కూడా.

ఆ ఆదివారం సాయంత్రం స్టీలు ప్లాంటు సెక్టర్ 7 క్వార్టర్ల వెనక మైదానంలో జనం బాగానే చేరారు. కొందరు ప్రసాదానికి వచ్చారు, మిగతావాళ్లు కారు దానంతటదే ఆగడం చూద్దామని వచ్చారు. షోరూం నుంచి సంజయ్ అనే సేల్స్ కుర్రాడు కూడా వచ్చి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. సురేంద్రనాథ్ చెల్లెలు అరుణజ్యోతి మాత్రం కొబ్బరి ముక్క చేతిలో పట్టుకుని, తినడం మర్చిపోయి నిలబడింది.

ముందు పక్క క్వార్టరు నరసింగరావు వచ్చాడు. ఉక్కు పలకలు తయారయ్యే ప్లేట్ మిల్లులో ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరైన మనిషి. పెళ్లిభోజనంలో గారెను కూడా తిరగేసి చూసుకుని గానీ తినడు.

"ఏటి బాబూ, ఈ బ్రేకుకి టెస్ట్ సర్టిఫికెట్ ఏదీ?" అని సంజయ్‌ను అడిగాడు. "మా మిల్లులో ప్లేటు గేటు దాటాలంటే టెస్టు కాయితం దాంతోపాటు ఎల్లాల. ఎలగుందో కొన్నోడు సదూకోవాల."

"అరే అంకుల్‌జీ, టెస్టింగ్ బహుత్ హువా హై," అన్నాడు సంజయ్. పరీక్షలు చాలానే జరిగాయట, ఫలితాలు మాత్రం కంపెనీ లోపలే ఉంటాయట. బయటివాళ్లకు చూపించరట.

"అయితే నానే టెస్టు సేసుకుంతాను," అని నరసింగరావు ప్యాంటు పైకి లాక్కుని కారుకు అడ్డంగా నడిచాడు. కళ్లు మాత్రం మూసుకున్నాడు. బ్రేకు మీద కాలు లేదని సురేంద్రనాథ్ కిటికీలోంచి అరిచాడు. కారు కీచుమంటూ ఆగింది. చప్పట్లు మోగాయి. నరసింగరావు కళ్లు తెరిచి, తను బతికే ఉన్నందుకు తనూ చప్పట్లు కొట్టాడు.

"రజనీ, ఇప్పుడు నువ్వు రా! కొత్త సీరలో వీడియో బాగా వత్తాది," అని పిలిచాడు సురేంద్రనాథ్.

అరుణజ్యోతి కొబ్బరి ముక్క పక్కన పెట్టి రెండడుగులు ముందుకు వేసింది.

ఊరి బయట ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్‌లో ఆమెకో షెడ్డుంది. నురుగుతో మనిషంత బొమ్మలు చేయిస్తుంది. కారుకు మనుషుల్లా కనబడేలా వాటి మీద పలచటి రేకు పొర వేస్తారు, నడుస్తున్నట్టు కాళ్లు కదిలే ఏర్పాటు ఉంటుంది. కార్ల కంపెనీ తన పరీక్షల కోసం వాటిని కొంటుంది. పని గురించి ఎక్కడా నోరు విప్పకూడదని షరతు. షెడ్డులో అందరి జీతాలూ ఆ ఆర్డరు మీదే వస్తాయి. ఇంట్లోవాళ్లేమో ఆమె షోరూముల్లో అలంకారానికి బొమ్మలు చేస్తోందనుకుంటారు.

ప్యాంటు తొడిగిన బొమ్మలు రిపేరుకు రావడం అరుదు. ఒకసారి కంపెనీ చీర కట్టిన బొమ్మ కూడా అడిగింది. వెళ్లిన ప్రతిసారీ అది నడుము విరిగి తిరిగొచ్చింది. కుచ్చిళ్ల చాటున కాళ్ల కదలిక కారుకు అందడం లేదని ఒక ఇంజనీరు నోరుజారాడు. కొన్నాళ్లకి చీర బొమ్మ ఇక వద్దని కబురొచ్చింది. ఆ తర్వాత అదే కారు ప్రకటనల్లోకి వచ్చింది, మన రోడ్ల మీద మన మనుషుల కోసం పరీక్షించిందంటూ. అన్నయ్య బుక్ చేసిన రోజున అరుణజ్యోతి షోరూములో లడ్డూ తిని ఊరుకుంది. నడిపేది అన్నయ్య, బ్రేకు వేయడానికి అతనికీ ఒక కాలుంది కదా అని సర్దిచెప్పుకుంది.

రజనీకుమారి కొంగు సర్దుకుని బయల్దేరింది.

"వొదినా, ఎల్లకు!" అరుణజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏటే, నీకేటి భయం?" నవ్వాడు సురేంద్రనాథ్.

"సీర కట్టుకున్న మనిషిని ఈ కారు పోల్చుకోదు అన్నయ్యా. ఆ కంపెనీ పరీక్షల బొమ్మలు నానే సేస్తన్నాను. సీర బొమ్మని పతీసారీ గుద్దేసింది."

సంజయ్ మొహం మాడిపోయింది. సురేంద్రనాథ్ నమ్మలేదు. కొత్త కారును నలుగురిలో అంత మాటన్నందుకు కోపం కూడా వచ్చింది.

"అయితే ఆ బొమ్మే తే. అందరం సూద్దాం," అన్నాడు.

రిపేరు చేశాక కంపెనీ తిరిగి తీసుకోని బొమ్మ షెడ్డులో మూలన పడుంది. అరుణజ్యోతి వ్యాను వేసుకుని వెళ్లి తెచ్చింది. దాన్ని చక్రాల పలక మీద నిలబెట్టి, తాడుతో అడ్డంగా లాగారు. కారు వచ్చింది. వేగం తగ్గలేదు. బొమ్మ ఎగిరి పడింది, నడుము పాతచోటే విరిగింది. ఆ తర్వాత బ్రేకు పడింది. వేసింది సురేంద్రనాథ్ కాలు.

సంజయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సురేంద్రనాథ్ కారు దిగి వచ్చి చెల్లెలి భుజం పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. "నా ఇల్లు నిలబెట్టావమ్మా," అన్నాడు. నరసింగరావు ఆమెకు చేతులు జోడించాడు. ఆడవాళ్లు చుట్టూ చేరి మెచ్చుకున్నారు. ప్రమాదం తప్పిపోయిందని అందరికీ తేలిగ్గా ఉంది.

రజనీకుమారి మాత్రం బొమ్మ దగ్గర నిలబడి చూస్తోంది.

"జ్యోతీ, నాను కాకుండా ఇంకెవులైనా అడ్డొచ్చుంటే సెప్పుందువా?"

అరుణజ్యోతి వంగి బొమ్మ కుచ్చిళ్లు సర్దబోయింది. సిగ్గుతో మొహం వేడెక్కింది.

"రేపు పొద్దున్న సీర కట్టుకునే బజారుకెల్తాను," అంది వదిన. గొంతులో కోపం లేదు. "ఎదరొచ్చే కార్లన్నీ మీ అన్నయ్యవి కావు గదా."

ఆమె తన ఫోను తీసి అరుణజ్యోతి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "ఇప్పుడు సెప్పిందే సెప్పు. నాను వీడియో తీస్తాను."

"సెప్తే షెడ్డు మూసుకోవాల వొదినా. పనోలు..."

"తెలుసు," అంది రజనీకుమారి. ఫోను దించలేదు.

అరుణజ్యోతి విరిగిన బొమ్మను లేపి పక్కన నిలబెట్టుకుంది. తెలుగు రానివాళ్లకూ అర్థమవ్వాలని హిందీలో మొదలుపెట్టింది. ముందు తన పేరు చెప్పింది, తర్వాత షెడ్డు పేరు, తర్వాత కంపెనీ పేరు. కంపెనీ పేరు దగ్గర గొంతు లోపలికి పోయింది.

"ఇనబడలేదు, మళ్లీ సెప్పు," అంది వదిన.