మూరెడు తక్కువైన గెడ

నేను ఒక గెడను. పడవ తోసే వెదురు గెడను. గోదావరిలో నాకు అందని లోతు లేదు. నన్ను కోసినవాణ్ణి నా చేత్తో నేనే ఏట్లోకి దింపి పగ తీర్చుకున్న మొనగాణ్ణి. గెడకి చెయ్యెక్కడిదని అడక్కండి. కథ చెప్పడం మొదలుపెడితే కాళ్ళూ చేతులూ వాటంతటవే మొలుస్తాయి.

నేను పుట్టింది ఎగువన కొండల్లో, ఏటి ఒడ్డునున్న పొదలో. మా అన్నదమ్ములం ఎంత ఎత్తు పెరిగామంటే, పున్నమినాడు చందమామ మా కొసల్లో చిక్కుకునేవాడు. పాపం, విడిపించుకునేసరికి తెల్లారిపోయేది. పడవ నడిపే నూకరాజు అంత దూరం వచ్చి, పొదంతా తట్టి చూసి, నన్ను ఎంచుకున్నాడు. మంటమీద కాచి వంకర తీశాడు. ఆముదం పట్టించాడు. అడుగున ఇనప పొన్ను తొడిగి, తన లంకకి తీసుకుపోయాడు.

లంక అంటే తెలుసుగా, ఏటి నడుమ తేలిన నేల. ఏడాది పొడుగునా నేను పడవ తోసేవాణ్ణి. ఏడాదికొక్కరోజు మాత్రం నాకు పెళ్ళికొడుకు మర్యాద. ఎందుకంటే, వరదొస్తే గోదారి లంకమీద పడి పొలాల గట్లన్నీ పలకమీద రాతలా చెరిపేసేది. పోతూపోతూ ఎర్రటి ఒండ్రు పరిచి పోయేది. నీళ్ళు తీశాక లంకవాళ్ళంతా చేరి, నాకు పసుపు రాసి, నాతో నేల కొలిచి మళ్ళీ వంతులు వేసుకునేవారు. మెరకవైపు మొదలుపెట్టి ఏటివైపు కొలుచుకుంటూ పోవాలి. ఇంటికి ఇన్ని గెడలని లెక్క. కొలిచేవాడికి అందరికంటే చివరి వంతు, ఏటి అంచున మిగిలినది. వాడు చెయ్యి జార్చి ఒకరికి ఎక్కువ కొలిస్తే తన నేలే తగ్గుతుంది. చూపు చెదిరి తక్కువ కొలిస్తే పక్కనున్నవాళ్ళు ఊరుకోరు. దొంగతనానికి సందు లేకుండా పెద్దలు కట్టిన కట్టుబాటు అది. మనిషి మీద మనిషికి ఎంత నమ్మకమో చూడండి.

కొలిచేవాడు తాతబ్బాయి. పెద్ద మీసం, అంతకన్నా పెద్ద గొంతు.

ఇంతలో ఎగువన ఆనకట్ట కట్టారు. మా పొద ఉన్నచోటు నీళ్ళ అడుక్కి పోయింది. నా అన్నదమ్ములు నిలబడ్డచోటే కుళ్ళిపోయారు. నా గుండెలో మొదటి పగ అది. కానీ కొండంత గోడని గెడ ఏం చేస్తుంది? మింగి ఊరుకున్నాను.

ఆ ఏడు వరద లంక ఎక్కలేదు. ఏరు వెడల్పు తగ్గి, ఒక పక్కకి ఒదిగి పారింది. నీళ్ళు గాజులా తేటగా వచ్చాయి. తాతబ్బాయి దోసిలితో పట్టి, “గోదారి ఇన్నాళ్ళకి తలంటు పోసుకుందిరోయ్!” అన్నాడు. అందరూ నవ్వారు. నూకరాజు ఒక్కడే నవ్వలేదు.

“ఎర్రనీళ్ళు కడుపు నిండా తిని వచ్చేయి మావా. ఒండ్రంతా అక్కడ గోడెనకాల దిగబడిపోద్ది. ఈటికి తినడానికేం లేదు. పస్తుతో వత్తన్నాయి. పస్తున్నోడు ఊరుకుంటాడా?”

“నీళ్ళకి ఆకలేంట్రా, నీకు కల్లెక్కువైంది!” అన్నాడు తాతబ్బాయి.

ఆ చలికాలమే నూకరాజు జ్వరంతో పోయాడు. భార్య కాసులమ్మ మిగిలింది. ఆవిడది చివరినుంచి రెండో వంతు, తాతబ్బాయి వంతుని ఆనుకునే ఉంటుంది. అందులో దోసపాదులు పెట్టుకుని బతికేది. ఆ మెత్తటి ఒండ్రు నేలే ఆవిడ తిండి.

ఇక వరద గట్లు చెరపదు కాబట్టి, ఆఖరుసారి కొలిచి రాళ్ళు పాతేద్దామని లంకవాళ్ళు అనుకున్నారు. ఆ రాళ్ళు ఎక్కడ పడితే అక్కడే జన్మంతా. తాతబ్బాయి “పొన్ను వదులైంది, బిగించుకొస్తా”నని నన్ను భుజాన వేసుకుపోయాడు. కమ్మరి దగ్గరికి కాదు. తన పశువుల పాకలో, ఆవు చూస్తుండగా, రంపంతో నా తల మూరెడు కోసేశాడు. కోసినచోట మసి రాశాడు. ఆవు తల తిప్పుకుంది. దానికి సిగ్గుంది.

మర్నాడు కొలత మొదలైంది. కాసులమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“బాబాయ్, గెడ పొట్టిదైనట్టుందేంటి?”

“వెదురు కదే అమ్మాయ్, ఎండితే కుంచించుకుపోద్ది.”

“ఎండితే సన్నబడుద్ది గానీ పొట్టిబడుద్దా?”

జనం గొల్లుమన్నారు. తాతబ్బాయి మీసం వణికింది. “మొగుడు పోయినకాణ్ణించీ నీ కళ్ళకి అన్నీ తరిగిపోయినట్టే కనిపిత్తన్నాయి,” అన్నాడు. నవ్వు ఆగిపోయింది. కాసులమ్మ పక్షాన మాట్లాడాల్సినవాణ్ణి నేనే. నాకు నోరు లేదు.

ప్రతి వంతులోనూ కాస్త కాస్త తగ్గి, ఆ తగ్గినదంతా ఏటివైపు పోగుపడింది. కాసులమ్మ రాయి మెరకవైపు జరిగి, ఆవిడకి ఇసకనేల మిగిలింది. దోసపాదులున్న ఒండ్రంతా తాతబ్బాయి వంతులో కలిసింది. ఏటి అంచు ఏటేటా పెరుగుతుందని తాతలనాటి అనుభవం కదా, అందుకే అంత ఆశ. అరటి వేశాడు, నీళ్ళు తోడే ఇంజను పెట్టాడు. నన్ను మళ్ళీ ఎవరూ కొలవకుండా తన దొడ్లోనే దాచాడు. రోజూ నా మొండితల మీద తడితుండు ఆరేసేవాడు. ఆ తుండు కింద నేను పళ్ళు కొరుకుతూ రోజులు గడిపాను. గెడకి పళ్ళా అంటే, చేతులు ఒప్పుకున్నవారు పళ్ళు ఒప్పుకోలేరా?

ఆకలిగొన్న నీళ్ళు ముందు ఏటి అడుగుని తిన్నాయి. అడుగు దిగాక గట్టు కాళ్ళు కొరికాయి. గట్టు జున్నుముక్కల్లా విరిగి పడసాగింది. అరటిచెట్లు ఒక్కొక్కటే ఏటికి దణ్ణం పెట్టి ఒరిగాయి. నేను లోపల్లోపల భజనలోలా తాళం వేశాను. తిను తల్లీ, తిను, ఇంకా ఉంది!

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆనకట్ట తలుపులెత్తారని కబురొచ్చింది. వెనకటి వరద నురగ చూపి, రంగు మార్చి, మనిషికి సద్దుకునే వ్యవధి ఇచ్చి వచ్చేది. ఇప్పుడు కబురుకీ రాకకీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు లేదు. గట్టు బీటలిచ్చింది. తాతబ్బాయి ఇంజనుని పడవలోకి దొర్లించి, కంగారులో నన్ను పట్టుకుని పడవెక్కాడు. ఆ రేవులో నడుంలోతే ఎప్పుడూ. ఆ ధీమాతో బలమంతా పెట్టి నన్ను దించాడు.

నేను ఒళ్ళు ముడుచుకున్నాను. “పొట్టివాణ్ణి చేశావుగా, ఇప్పుడు అనుభవించు,” అనుకుని అడుగుకి అందకుండా ఉండిపోయాను. నా వెంటే వాడూ తలకిందులుగా ఏట్లో పడ్డాడు. పడవ ఒరిగింది. ఇంజను గుడగుడమని మునిగింది.

అయితే నా ఖర్మ చూడండి, వెదురుని కదా, మునగడం చేతకాదు. తేలాను. వాడు నన్నే కావలించుకున్నాడు. పగవాణ్ణి గుండెలకి హత్తుకుని మోసిన గెడని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

గట్టుమీదికి కాసులమ్మ పరుగెత్తుకొచ్చింది. పడవ కట్టే తాడు చేతిలో ఉంది. వాడు నా కొసని ఆవిడకేసి చాచాడు. ఆవిడ చేతికి అందలేదు, మూరెడు తక్కువ.

“అందట్లేదే తల్లీ!”

“ఎండితే కుంచించుకుపోద్దన్నారుగా బాబాయ్. ఇప్పుడు తడిసింది, సాగుద్దేమో చూడండి!”

“చచ్చిపోతానే!”

“ఎంత కోశారు?”

“మూర! మూరెడేనే, నీకు దణ్ణం పెడతా!”

గట్టుమీద చేరిన లంకంతా విన్నది. అప్పుడు కాసులమ్మ తాడు విసిరింది.

మర్నాడు తాతబ్బాయి రాళ్ళు పీకించి, ఎవరి నేల వారికి పంచుతానన్నాడు. పంచడానికి నేలేదీ? కాసులమ్మ ఒండ్రు అరటితో సహా ఏట్లో కలిసింది. కొట్టేసినవాడికీ దక్కలేదు, పోగొట్టుకున్నదానికీ తిరిగి రాలేదు. పగ తీరిందని నేను ఎగిరిన ఎగురు ఒక్కపూటే. తరువాతి ఏడు ఏరు ఆవిడ ఇసకనేల కొరకడం మొదలుపెట్టింది. పస్తున్న నీటికి ఎవరి వంతో తెలియదు.

ఇప్పుడు నన్ను ఆవిడ చేను అంచున పాతింది. ఏరు నా దాకా వచ్చినప్పుడల్లా పీకి, వెనక్కి జరిపి, మళ్ళీ పాతుతుంది. “మా ఆయన నీకు ఆముదం పట్టించేవాడు,” అంటూ అప్పుడప్పుడు చేత్తో నిమురుతుంది. ఎగువన ఆ గోడ మాత్రం చల్లగా కూర్చుని మా ఒండ్రు తింటోంది.

నాకు అందని లోతు లేదని మొదట కోతలు కోశాను కదూ? ఉంది, ఆ రేవులోనే ఉంది. ఇంత విన్నారు కాబట్టి ఇంకొకటీ చెబుతాను. చందమామ సంగతి నమ్మినా నష్టం లేదు. ఒళ్ళు ముడుచుకుని తాతబ్బాయిని ముంచానన్నది మాత్రం నేను అల్లినదే. ఆ క్షణాన పగ గుర్తులేదు. గెడని కదా, నేల అందుకోవడమే నా పని. ఒళ్ళంతా సాచాను. వాడు కోసిన మూర ఉన్నా అందేది కాదు. కింద నేల లేదు.