మంత్రగత్తె పావడాకు అల్యూమినియం

హార్జ్ కొండల్లోని క్లౌస్టాల్‌లో ఏడాదికి పదమూడు నెలలు వాన కురుస్తుంది. అలాంటి ఊళ్లో, గాలిలో తడి తగిలినా పాడైపోయే ద్రవంతో నాలుగేళ్లు కాపురం చేసింది వీబ్కె. అది వేడిచెయ్యకుండానే కరిగి ఉండే ఉప్పు. నీళ్లలోంచి ససేమిరా రాని అల్యూమినియం, ఇందులో కరెంటు పెడితే బుద్ధిగా వచ్చి ఇనుముకు అంటుకుంటుంది.

ఇవాళ వీబ్కె డాక్టరేట్ పరీక్ష. నెగ్గి బయటికి రాగానే, అక్కడి ఆచారం ప్రకారం, ల్యాబ్ వాళ్లు చేసిన టోపీ ఆమె నెత్తిన పెట్టాలి. దాని మీద ఏముందో ఆమెకు ముందే తెలియకూడదు. టోపీ కొసన, ఆ కొండల కథల్లో ఉండే చీపురు మంత్రగత్తె ఇనప బొమ్మ నిలబెడదామని, దానికి వీబ్కె ద్రవంలోనే పూత పెడతానని ల్యాబ్‌లో తోటి విద్యార్థి హెన్నో బడాయి పోయాడు.

గాలి చొరబడని గాజుపెట్టెలోకి రబ్బరు చేతొడుగులతో చేతులు దూర్చి, బొమ్మను ద్రవంలోంచి తీశాడు. పొగగొట్టంలోంచి పడ్డ కాకిలా నల్లగా వచ్చింది.

"ముంచే ముందు కడిగి ఆరబెట్టావా?" అంది టోపీకి జిగురు రాస్తున్న థెడా.

"తుడిచాను."

"దేంతో, నీ చొక్కాతోనా? పావడా మడతల్లో నీళ్లుండిపోయాయిరా దద్దమ్మా! పరీక్ష అయిపోయేలోగా ఇది మెరవకపోతే టోపీ మీద నిన్నే నిలబెడతా. పో, వీబ్కెనే అడుగు."

"అడిగితే గుట్టు తెలిసిపోదూ?"

పరీక్ష అందరి ముందూ జరుగుతుంది. చివర్లో ఎవరైనా ప్రశ్న వెయ్యొచ్చు. హెన్నో వెనక వరుసలో చెయ్యెత్తాడు.

"కాబోయే డాక్టర్ గారూ, మడతలున్న వస్తువొకటి తడితో ద్రవంలోకి వెళ్లి నల్లబడిందనుకోండి. మీరైతే ఏం చేస్తారు?"

"ముందు ఏడుస్తాను," అంది వీబ్కె. హాలంతా నవ్వింది. "తర్వాత ద్రవంలో ఓ పాత రేకు వేలాడదీసి కరెంటు పెడతాను. మిగిలిన తడిని అది తినేస్తుంది. అప్పుడు వస్తువుని దించి, కరెంటుని వెనక్కి తిప్పుతాను. నలుపు వచ్చిన దారినే పోతుంది. ఆపైన మళ్లీ ముందుకి, చాలా తక్కువ కరెంటుతో. తొందరపడితే మడతల్లోకి పోదు."

 

పరీక్షకులు తలుపేసుకుని మంతనాలాడుతుంటే, హెన్నో మెట్లకి కాళ్లు ఆనకుండా కింద ల్యాబ్‌లోకి దిగాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే చేశాడు. నలుపు ఊడింది. తెల్లటి వెలుగు చీపురు మీద మొదలై, పావడా మడత మడతలోకీ పాకింది. ప్రొఫెసర్లు ఇంకా మాట్లాడాలని కోరుకున్న విద్యార్థి ఆ భవనంలో అతనొక్కడే.

తలుపు తెరుచుకునేసరికి టోపీ సిద్ధంగా ఉంది. వీబ్కె దాన్ని నెత్తిన పెట్టించుకుని, వెంటనే తీసి, బొమ్మని చూసి హెన్నో వైపు తిరిగింది.

"ఒరేయ్, మడతలున్న వస్తువంటే ఇదా! ముక్కు మీది పులిపిరిక్కూడా పూత పట్టిందే! ఇంత చిన్నదాని మీద నాకెప్పుడూ రాలేదు. కరెంటెంత పెట్టావ్?"

"డాక్టర్ గారు చెప్పినంతే."

ప్రొఫెసర్ గారు ఆమెకివ్వాల్సిన షాంపేన్ గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నారు. కొత్త డాక్టర్ మాత్రం టోపీని కిటికీ వెలుగుకి తిప్పి తిప్పి చూస్తూనే ఉంది.