ఆవిరి చప్పుడులో నేర్చిన మాటలు

ఇలా రా తల్లీ, ఇంకాస్త దగ్గరికి జరుగు. నా గొంతు ఈమధ్య మంచం దాటి పోవడం లేదు. ముందు ఆ పళ్లు బిగబట్టి చదవడం ఆపు. కొత్త భాష నేర్చుకునే మనిషి మొహం అలా ఉండకూడదు, దొంగ కోసం కాపు కాసినట్టు. నేనూ ఒకప్పుడు అలా బిగుసుకున్నదాన్నే. నాలుగో తరగతితో చదువు అటకెక్కింది, అయినా నలభయ్యో ఏట ఒక పరాయి భాష నేర్చుకున్నాను. ఒకే ఒక్క మనిషికి ఒకే ఒక్క మాట చెప్పడానికి.

మా ఆయనకు ఆసుపత్రి బట్టలు ఉతికే చోట బాయిలరు పని దొరికితే ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. నన్ను ఇస్త్రీ గదిలో పెట్టారు. భాష ముక్క రాదు. ఆయనకు వచ్చు కదా, నాకెందుకనుకున్నాను. కొట్టుకు పోయినా, డాక్టరు దగ్గరికి పోయినా ఆయన నోరే నా నోరు. ఏడాది తిరగకుండా జ్వరంతో మూడు రోజుల్లో ఆయన పోయారు. ఆయనతో పాటు నా నోరూ పోయింది.

వెనక్కి వెళ్దామంటే ఎవరున్నారు? మీ అమ్మమ్మ, అదే మా చెల్లెలు, అత్తింట్లో తనే ఒదిగి ఒదిగి ఉంటోంది. అందుకని పనిలోకే వెళ్లాను. పొద్దున్న తాళం వేస్తే సాయంత్రం తాళం తీయడం. కొట్లో వేలు పెట్టి చూపించడం, ఇచ్చింది పుచ్చుకోవడం. తెలుగు వచ్చినవాడు ఒక్కడే, ఆసుపత్రి నుంచి మూటలు తెచ్చే వ్యాను బాబాయి. వాడూ సోమవారం పొద్దున్న పది నిమిషాలే.

మధ్యాహ్నం బల్ల దగ్గర అందరూ గుంపుగా కూర్చుని నవ్వుకుంటూ తినేవాళ్లు. నేను చివర్న డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసేదాన్ని. మెతుకు దిగేది కాదు. నాలుగో రోజున బొత్తాల అక్క ఆ గుంపులోంచి లేచి, తన డబ్బా పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. డాక్టర్ల కోట్లకు ఊడిపోయిన బొత్తాలు కుట్టే మనిషి ఆవిడ, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఒక్క మాటా అనలేదు. తను తింటూ కూర్చుంది, నేను తినేదాకా లేవలేదు. మర్నాడూ అంతే. అలా ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో నేను తిన్న ప్రతి ముద్దా ఆవిడ పక్కన తిన్నదే.

ఒక సోమవారం వ్యాను బాబాయి మూట దించుతూ అన్నాడు, "బొత్తాలావిడ వచ్చే నెలాఖరుకి రిటైరవుతోందట, తెలుసా? తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతుందట."

"నాకెవరు చెబుతారు బాబాయ్, గోడలా?"

"ఏమైనా చెప్పాలంటే చెప్పు, నేను చెప్పేస్తా. చిటికెలో పని."

"నీ నోటితో పంపిస్తే అది నీ మాటవుతుంది. నువ్వసలే ఒకటికి రెండు కలిపే రకం."

"అయితే నేర్చుకో మరి! ఆదివారాలు గ్రంథాలయం మేడమీద ఊరికే చెబుతున్నారు. వెళ్లు, పలక కొనిపెడతాలే."

చేతిలో ముప్పై ఎనిమిది రోజులు. ఆవిడ వెళ్లేలోగా, నాకు ఎవరు పోయారో, ఆవిడ నాకేం చేసిందో ఆవిడ భాషలో చెప్పాలి. అంతే నా కోరిక.

అక్కడి పంతులమ్మ మంచిదే. భయపడే వాడికి భాష అంటదని ఆవిడ నమ్మకం. అందర్నీ కళ్లు మూయించి, పొట్ట మీద చెయ్యి పెట్టించి, కాలి వేళ్ల నుంచి మాడు దాకా ఒళ్లంతా వదులు చేయించేది. ఇంటికి ఒక టేపు ఇచ్చింది, పడుకుని ఒళ్లు వదిలేసి వినమని సైగ చేసి చూపించింది. తొమ్మిది గంటలు నిలబడి ఇస్త్రీ చేసిన మనిషిని పడుకోబెట్టి ఒళ్లు వదులు చెయ్యమంటే ఏమవుతుంది చెప్పు? మూడో వాక్యానికల్లా గుర్రు. రెండు వారాలు రోజూ విన్నాను, రోజూ మూడో వాక్యం దాటలేదు.

"ఏం నేర్చావు, ఏదీ, అప్పజెప్పు" అన్నాడు బాబాయి.

అప్పజెప్పాను. ఈ బస్సు ఎటు పోతుంది? నాకు రెండు టిక్కెట్లు కావాలి. కిటికీ తెరవండి.

"ఇంకేం! బస్సెక్కించి, కిటికీ తెరిచి పంపించెయ్ ఆవిణ్ణి" అని పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. సాయంత్రం గదికొచ్చాక ఆ రెండో వాక్యం గుర్తొచ్చి ఏడ్చాను. రెండు టిక్కెట్లు నాకు దేనికి?

ఇక నిద్ర రాకూడదని కుర్చీలో నిటారుగా కూర్చుని, పళ్లు బిగించి బట్టీ పట్టాను. పొద్దున్నకి ఒక్కటీ మిగిలేది కాదు. మధ్యాహ్నం డబ్బా పక్కనపెట్టి కాగితం చూసి గొణుగుతుంటే బొత్తాల అక్క చూసింది. నా భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఫక్కున నవ్వి, రెండు బొటనవేళ్లతో వాటిని కిందికి నొక్కింది, కోటు కాలరు సర్దినట్టు. దవడ మీద వేలితో తట్టింది, వదులు చెయ్యమని. అప్పటికీ వదల్లేదు. చెయ్యి పట్టుకుని నా ఇస్త్రీ యంత్రం దగ్గరికే లాక్కెళ్లింది.

ఆ యంత్రానికి పెద్ద మూత ఉంటుంది, కింద కాలితో తొక్కే పెడలు. తొక్కితే మూత వాలి ఆవిరి బుస్సుమంటుంది, వదిలితే లేస్తుంది. అక్క తొక్కి చూపించింది. మూత లేచినప్పుడు ఊపిరి లోపలికి. మూత వాలి ఆవిరి పోతున్నప్పుడు ఊపిరి బయటికి, మొత్తం, సంచి దులిపినట్టు. ఆ పోయే ఊపిరి మీద ఒక్క మాట. "సూది" అంది తన భాషలో. నేనూ అన్నాను. ఆశ్చర్యం, నాలుక తడబడలేదు. ఊపిరి పోతున్నప్పుడు నాలుకకు భయపడే తీరిక ఉండదు తల్లీ.

అప్పటి నుంచి అదే నా బడి. పది కోట్లు ఇస్త్రీ చేసేలోగా ఒక మాట. పొద్దున్న "నేను" అయితే సాయంత్రానికి "తిన్నాను". మధ్యాహ్నం అక్క నోటితో ఒక్కో మాట అందించేది, బల్ల మీద వస్తువులు చూపించేది. ఏమార్చి అడిగేది కూడా, తుంటరిది. చెంచా చూపించి కత్తెర అంటే నేను తల అడ్డంగా ఊపాలి. కావలసిన మాటల్లో కొన్ని మాత్రం ఆవిణ్ణి అడగలేదు. "మొగుడు", "పోవడం", ఈ రెండూ పంతులమ్మ దగ్గర బొమ్మలు గీసి తెలుసుకున్నాను.

ఆఖరి రోజు వచ్చింది. మేస్త్రీ యంత్రాలన్నీ ఆపించాడు. అందరూ గుండ్రంగా నిలబడ్డారు, ఆయన ఏదో చదివాడు, చప్పట్లు కొట్టారు, అక్కకో గోడ గడియారం ఇచ్చారు. ఒక్కొక్కరే వెళ్లి నాలుగు మాటలు చెబుతున్నారు. నా వంతు వచ్చింది. ముందుకెళ్లి నోరు తెరిచాను. "నా మొగుడు..." అన్నాను. అంతే, ఆగిపోయాను.

ఎందుకాగానో తెలుసా? అన్నాళ్లూ ఆవిరి బుస్సుమంటుంటే దాని కిందే మాటలు అన్నాను. ఆ భాషలో నా గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు గది నిశ్శబ్దంగా ఉంది. ఎవరో పరాయి ఆడది నా మొగుడి పేరెత్తినట్టు అనిపించింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నవ్వలేదు, భుజాలు నొక్కలేదు, మాట అందించనూ లేదు. నన్ను చూస్తూ నిలబడింది.

నేనే భుజాలు దించాను. దవడ వదిలాను. లోపలున్న ఊపిరంతా వదిలేశాను, ఇక లేదనేదాకా. అప్పుడు మాటలు వచ్చాయి, ఒక్కొక్కటే.

"నా మొగుడు పోయాడు. మీరు కూర్చున్నారు. నేను తిన్నాను."

అంతే తల్లీ. ముప్పై ఎనిమిది రోజుల చదువు ఆ మూడు ముక్కలు.

అక్క గడియారం బల్ల మీద పెట్టింది. నాకు అందేలా, ఊపిరికొక మాట చొప్పున, నింపాదిగా చెప్పింది. "నాకు ఆ రోజే తెలుసు. మేస్త్రీ చెప్పాడు. నీతో మాట్లాడాలనుకున్నాను. నా భాష నాకు వచ్చు. అయినా మాట రాలేదు. అందుకే కూర్చున్నాను."

ప్రతి ముక్కా అర్థమైంది. ఆ ఊళ్లో ఒక మనిషి నాతో అన్నది మొత్తంగా అర్థం కావడం అదే మొదలు.

మర్నాడు ఆవిడ లేదు. నేను మాట నేర్చుకున్నానే గానీ వాళ్ల అక్షరం నేర్చుకోలేదు, ఉత్తరం రాయలేకపోయాను. తర్వాత ఆ భాష బాగానే పట్టుబడింది. కొట్లో బేరాలాడాను, మేస్త్రీతో పోట్లాడాను, ఆ ఊళ్లో ఇంకో పంతొమ్మిదేళ్లు ఉన్నాను. అన్నీ మాట్లాడాను. కానీ అలాంటి మాట ఇంకొకటి చెప్పే మనిషి మళ్లీ దొరకలేదు. ఖాళీ గదిలో కూర్చుని ఊపిరి వదిలి, అక్క చెప్పిన ఆ ఆరు ముక్కలూ ఆవిడ భాషలో నాకు నేనే చెప్పుకునేదాన్ని, యాస తప్పకుండా. ఇప్పటికీ చెప్పుకుంటాను.

నేను పోతే అవి ఎవరి దగ్గరా ఉండవు. అందుకే నీకు చెబుతున్నాను. ఊపిరి సంగతి మరిచిపోయినా ఫరవాలేదు, అది ఎవరైనా నేర్పుతారు. ఆవిణ్ణి మాత్రం గుర్తుపెట్టుకో. నీకు భాష పట్టుబడ్డాక, ఆ భాషలోనే ఎవరికైనా ఒకరికి చెప్పు, మాట రాక పక్కన కూర్చున్న మనిషి ఒకావిడ ఉండేదని. చెబుతావు కదూ?